రక్తములో కొవ్వు – సోడియము లెక్కలో పొరపాటు

రక్తపరీక్ష పత్రముపై సోడియము తక్కువయని వ్రాసి యున్నంత మాత్రమున, దేహములో అది నిజముగా తగ్గినదని తలంపరాదు. రక్తములో కొవ్వు అమితముగా పెరిగినపుడు, సోడియము సరిగానే యున్నను యంత్రము తక్కువ అంకెను చూపవచ్చును.

ఆరోగ్యవంతుల రక్తరసమున సోడియము లీటరుకు 135 మొదలు 145 మిల్లీమోలుల వరకు నుండును. రక్తరసములో నూటికి సుమారు 93 పాళ్లు నీరు. తక్కినవి మాంసకృత్తులు, కొవ్వు మొదలైనవి. సోడియము కరగియుండునది నీటిలోనే గాని కొవ్వులో కాదు. వెన్న తీయని ఉప్పు మజ్జిగను తలచుకొనుడు. వెన్నముద్దలతో సహా గ్లాసు నింపి, అందలి ఉప్పును లెక్కించినచో తక్కువగా తేలును. వెన్న ఆక్రమించిన చోట ఉప్పు లేదు గదా! కాని ఆ మజ్జిగను రుచి చూచినచో ఉప్పదనము ఏమాత్రము తగ్గి యుండదు.

పెద్ద ప్రయోగశాలలలోని యంత్రములు పెక్కు రక్తరసమును పలుచన చేసి, అందు నీరు ఎల్లప్పుడు 93 పాళ్లేయని భావించి లెక్క కట్టును. కొవ్వు పెరిగి నీరు 84 పాళ్లకు తగ్గినచో, 140 ఉండవలసిన అంకె 126గా కనిపించును. పలుచన చేయక నేరుగా కొలుచు యంత్రములు ఈ పొరపాటునకు లోబడవు. రక్తవాయువులను పరీక్షించు యంత్రములు ఇట్టివే.

అదుపు తప్పిన మధుమేహము, అతి మద్యపానము, వంశపారంపర్య దోషములు మున్నగువాని వలన ట్రైగ్లిసరైడులను కొవ్వు విపరీతముగా పెరిగి, రక్తరసము పాలవలె తెల్లబారును. పిత్తనాళము మూసికొనిపోవుటచే కలుగు కామెర్లలో వేరొక విధమగు కొవ్వు చేరినపుడు రక్తరసము తేటగానే యుండవచ్చును. కావున కంటిచూపు నొక్కదానినే నమ్మరాదు.

లేని లోటును తీర్చుటకై గాఢమైన ఉప్పు ద్రావణము నెక్కించుట మెదడునకు హాని. క్లోమపు వాపుతో దేహమున నీరు తగ్గిన రోగికి నీరు కట్టడి చేయుటయు ప్రమాదమే. అయితే తక్కువ అంకెలన్నియు పొరపాటులని ఉపేక్షింపరాదు. నిజమైన లోటు మూర్ఛలకు, స్పృహ తప్పుటకు దారితీయవచ్చును.

ప్రజలు గమనింపవలసినవి:

1. కొవ్వు, మధుమేహము, కామెర్లు ఉన్నయెడల ఆ సంగతి వైద్యునకు ముందే తెలుపవలెను.

2. అంకెకును రోగి స్థితికిని పొంతన లేనిచో, నేరుగా కొలుచు పద్ధతిలో మరల పరీక్షింపుమని వైద్యుని కోరవచ్చును. రక్తరసపు ఆస్మొలాలిటీ 275–295 నడుమ నుండుట పొరపాటునకు ఒక సూచన.

3. పత్రమును చూచి స్వయముగా ఉప్పు పెంచుట, నీరు మానుట, మందులు మార్చుట తగదు.

అంకె పొరపాటైనను, దానికి కారణమైన కొవ్వు నిజమైనదే. దానికి చికిత్స తప్పనిసరి.