పిల్లలు కాకపోతే కోడలిదే లోపమా? అపోహలు.. నిజాలు

నికా అయి ఆరు నెలలు కాకముందే "ఇంకా ఏం లేదా?" అని అడగడం మొదలుపెడతారు. ఏడాది దాటితే కోడల్ని హాస్పిటళ్ల చుట్టూ తిప్పుతారు. స్కానింగులు, రక్త పరీక్షలు, తావీజులు అన్నీ ఆమెకే. అబ్బాయికి మాత్రం ఒక్క టెస్టూ ఉండదు. కొన్ని ఇళ్లలో చివరికి రెండో నికా మాట కూడా వచ్చేస్తుంది. ఇంతా చేసి, అసలు సమస్య ఎవరిలో ఉందో ఎవరూ చూసి ఉండరు.

అపోహ: లోపం ఆడవాళ్లలోనే ఉంటుంది

నిజం: సంతానం కలగని జంటల్లో దాదాపు సగం మందికి మగవారి వైపు నుంచి కూడా కారణం ఉంటుంది. వీర్యకణాలు తక్కువగా ఉండటం, అవి సరిగ్గా కదలకపోవడం, వృషణాల దగ్గర రక్తనాళాలు ఉబ్బడం (వేరికోసిల్) లాంటివి ఇందులో ఉన్నాయి. వయసొచ్చాక గవదబిళ్లలు వచ్చి వృషణాలు వాచినా కౌంట్ దెబ్బతినొచ్చు. ఆడవారిలో అయితే అండం సరిగ్గా విడుదల కాకపోవడం, థైరాయిడ్, ట్యూబులు మూసుకుపోవడం ఎక్కువగా కనిపిస్తాయి. మన దేశంలో ట్యూబులు పాడవడానికి టీబీ కూడా ఒక కారణం.

మగవారికి చేసే మొదటి టెస్టు చాలా సులువు. రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి, ల్యాబ్‌లో వీర్యం శాంపిల్ ఇస్తే చాలు. సూది లేదు, కోత లేదు. అందుకే ఆడవారికి పెద్ద పరీక్షలు చేయించే ముందే ఇది చేయించాలి.

అపోహ: మగతనం బాగుంటే కౌంట్ కూడా బాగుంటుంది

నిజం: ఈ రెండూ వేరు. కలయికలో ఏ ఇబ్బందీ లేని మనిషికి కూడా కణాలు తక్కువ ఉండొచ్చు, అసలే లేకపోవచ్చు. వీర్యం కంటికి చిక్కగా కనిపించినంత మాత్రాన కణాలున్నాయని కాదు. అవి మైక్రోస్కోప్‌లోనే కనిపిస్తాయి. జిమ్‌కి వెళ్లే కుర్రాళ్లు కండల కోసం తీసుకునే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు కూడా కౌంట్‌ను బాగా తగ్గిస్తాయి. సిగరెట్, గుట్కా మానడం మంచిది. కొత్త కణాలు తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి మందు వాడిన వారానికే ఫలితం రాదు. కనీసం మూడు నెలలు ఓపిక పట్టాలి.

అపోహ: వరుసగా ఆడపిల్లలే పుడితే తల్లి వల్లే

నిజం: తల్లి అండంలో ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే ఉంటుంది. తండ్రి కణాల్లో కొన్నింట్లో ఎక్స్, కొన్నింట్లో వై ఉంటాయి. వై ఉన్న కణం అండాన్ని చేరితే అబ్బాయి, ఎక్స్ ఉన్నది చేరితే అమ్మాయి. ఏది చేరుతుందనేది తండ్రి చేతిలో కూడా లేదు. మరి కోడల్ని తిట్టడం ఎందుకు? కొడుకు పుట్టడానికని అమ్మే పొడులు, మందులు పనిచేయవు. పైగా కడుపులో బిడ్డకు హాని చేయొచ్చు. స్కానింగ్‌లో ఆడా మగా చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం.

అపోహ: కాపర్-టి, మాత్రలు వాడితే మళ్లీ కడుపు రాదు

నిజం: కాపర్-టి తీయించినా, మాత్రలు ఆపినా త్వరగానే గర్భం రావొచ్చు. మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్ ఆపాక మాత్రం కొన్ని నెలలు ఆలస్యం కావొచ్చు. శాశ్వతంగా పోదు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

ఏ గర్భనిరోధకమూ వాడకుండా ఏడాది పాటు కలిసి ఉన్నా గర్భం రాకపోతే వెళ్లాలి. భార్య వయసు 35 దాటితే ఆరు నెలలు చాలు. నెలసరి సరిగ్గా రాకపోయినా, అబ్బాయికి చిన్నప్పుడు వృషణాల ఆపరేషన్ జరిగినా అంత కాలం కూడా ఆగక్కర్లేదు. ఐవీఎఫ్ దాకా వస్తే, ఆ సెంటర్‌కు 2021 చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందే అడగాలి.

మొదటి రోజే భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్లడం మంచిది. దువాతో పాటు దవా కూడా కావాలని మన పెద్దలే అంటారు. ఆ దవా ఎవరికి అవసరమో టెస్టు చేశాకే తెలుస్తుంది.