పాక్ నీరంతా తాగునీరు కాదు

మదరసా విద్యార్థి మొట్టమొదట నేర్చుకునే పాఠాల్లో తహారత్ (శుద్ధి) ఒకటి. పెద్ద చెరువులో మలినం పడితే నీటి రంగు, రుచి, వాసనల్లో ఏదైనా మారిందా అని చూడాలని ఫిఖ్ బోధిస్తుంది. మారకుంటే ఆ నీటితో వుజూ చేయవచ్చు. అయితే ఆ నీరు తాగవచ్చా అన్నది వేరే ప్రశ్న. మన పిల్లలకు ఆ రెండో ప్రశ్న వేయడమూ నేర్పాలి.

నల్లగొండ జిల్లానే తీసుకుందాం. అక్కడి గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరైడ్ భూగర్భ జలాల్లో కరుగుతుంది. దానివల్ల నీటి రంగు మారదు, వాసన రాదు. తేటగా కనిపించే ఆ నీరే ఏళ్ల తరబడి తాగినవారి పళ్లపై గార మచ్చలు వేసింది, ఎందరి ఎముకలనో వంచింది.

ఇలాంటి చోట విద్యార్థి నాలుగు సంగతులు విచారించాలి.

నీటిలో ఏముంది? ఇది పరీక్షలోనే తేలుతుంది.

ఎంత ఉంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు.

ఎవరు, ఎంత తాగుతున్నారు? లీటరుకు 3 మిల్లీగ్రాములున్న నీటిని రోజుకు 2 లీటర్లు తాగితే ఒంట్లోకి 6 మిల్లీగ్రాములు చేరతాయి. ఎండలో పనిచేసే కూలీ 5 లీటర్లు తాగితే 15. శాశ్వత దంతాలు రూపొందే వయసు పిల్లలకు మచ్చల ముప్పు ఉంటుంది.

ఉపాయమేమిటి? మరిగిస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు. పటిక, సున్నం కలిపి దాన్ని తగ్గించే 'నల్గొండ పద్ధతి'ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించింది. సురక్షితమైన నదీజలం అందితే అంతకన్నా మేలు.

మరి ఆ బోరు నీటితో వుజూ మానాలా? అక్కరలేదు. ఫ్లోరైడ్ హాని నీటిని మింగడం వల్ల కలిగేదే గాని, చేతులూ ముఖమూ కడుక్కోవడం వల్ల కాదు. హౌజులో ఆ నీరు ఉండవచ్చు. తాగే కుండలో మాత్రం పరీక్షించిన నీరే ఉండాలి. అనవసర భయం, నిర్లక్ష్యం రెండూ తగవు.

నమ్మదగని వ్యక్తి తెచ్చిన వార్తను విచారించుకోవాలని దివ్యఖుర్ఆన్ హుజురాత్ సూరాలో ఆదేశించింది. "ఈ నీళ్లకేం, అమృతం" అన్న మాటకూ, "అంతా విషమే" అన్న పుకారుకూ ఆ విచారణే తగిన జవాబు.

దాహం తీర్చడం గొప్ప దానమని మహాప్రవక్త (స) బోధించారు. అందుకే మనలో ఎందరో సవాబు ఆశించి, కన్నవారి పేరిట బోర్లు వేయిస్తారు. అలాంటి దాతలు ప్రారంభోత్సవానికి ముందే నీటిని పరీక్ష చేయించాలి. ఆ సీసా నీటిని ప్రయోగశాలకు చేర్చే పని ఊరి విద్యార్థులకే అప్పగిస్తే, దానమూ సార్థకమవుతుంది, చదువూ సార్థకమవుతుంది.