మీకు తెలుసా? పండగ లేజర్ పైలట్ కంట్లో పడొచ్చు

అమెరికాలో క్రిస్మస్‌కి ఇంటి గోడ మీద రంగు చుక్కలు చల్లే చిన్న లేజర్ ప్రొజెక్టర్ గురి తప్పితే, పైన వెళ్లే విమానం పైలట్‌కి కళ్లు బైర్లు కమ్ముతాయి. అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ పండగ ముందు ఈ మాట పదేపదే చెబుతుంటుంది.

గోడ మీద చిన్న చుక్కగా కనిపించే కిరణం దూరం పోయేకొద్దీ వెడల్పవుతుంది. కాక్‌పిట్ అద్దాన్ని తాకిందంటే అద్దమంతా వెలుగు పరుచుకుని, ఎదుట రన్‌వే కనబడదు. ఆకుపచ్చది మరీ ఇబ్బంది; మన కంటికి అన్నిటికన్నా కాంతిమంతంగా తోచే రంగు అదే. 2023లో అమెరికా పైలట్లు లేజర్ తగిలిందని 13,304 సార్లు ఫిర్యాదు చేశారు. అన్నీ పండగ దీపాలవే కావు లెండి.

ప్రొజెక్టర్ వల్ల ఇబ్బందని తెలిస్తే అధికారులు ముందు మర్యాదగానే అడుగుతారు: సరిచేయండి, లేదా ఆపేయండి అని. వినకపోతే జరిమానా. సరిచేయడం నిజానికి పెద్ద పనేం కాదు. చుక్కలన్నీ గోడ మీదే ఆగాలి, ఒక్కటి కూడా ఇంటి కప్పు దాటి ఆకాశంలోకి పోకూడదు. పిల్లలు ప్రొజెక్టర్‌లోకి తొంగిచూడకుండా కూడా చూసుకోవాలి.