బస్తరు బాటల కింద గాజు ఇసుక

జగదల్‌పూర్ పక్కగా ప్రవహించే ఇంద్రావతి భద్రకాళి వద్ద గోదావరిలో కలుస్తుంది. బస్తరులో ఇళ్లకూ బాటలకూ నది ఇసుకే ఆధారం. అయితే ఎగువన, ఒడిశాలో, జోరానాలా గుండా నీరు శబరి వైపు మళ్లుతుండడంతో వేసవిలో ఇంద్రావతి చిక్కిపోతున్నది. ఇసుక తోడేకొద్దీ నదీగర్భం నీటిని నిలుపుకొనే శక్తినీ కోల్పోతుంది.

వీధులలో పరిచే సిమెంటు దిమ్మెల కింద 20 నుండి 40 మిల్లీమీటర్ల మందాన ఇసుక వేస్తారు. దిమ్మెలు సమంగా కుదురుకొనడానికీ, సందులలో దిగిన వాననీరు పోవడానికీ ఈ పరుపు అవసరం. 3 మీటర్ల వెడల్పు గల కిలోమీటరు వీధికి, 30 మిల్లీమీటర్ల మందాన, 90 ఘనపు మీటర్ల ఇసుక పడుతుంది. కొన్ని దేశాలలో దీనికి బదులు పాత సీసాల గాజును నలగగొట్టి, కడిగి వాడుతున్నారు. సన్నగా నలిగిన గాజు అంచులు మొద్దుబారుతాయి. రేణువులు నీటిని పీల్చవు. కాంక్రీటులోనైతే గాజులోని సిలికా సిమెంటులోని క్షారాలతో కలిసి ఉబ్బి పగుళ్లు తెస్తుంది. సిమెంటు కలపని పరుపులో ఆ బెడద లేదు.

బస్తరులో అన్ని సీసాలెక్కడివన్న సందేహం సహజమే. కాని గాజు ఇక్కడ మరో రూపంలో పుడుతున్నది. 1960ల చివరి నుండి బైలదిల్లా ఇనుప ఖనిజం కొత్తవలస-కిరండూల్ రైలుమార్గాన విశాఖపట్నం చేరుతూ వచ్చింది. హైదరాబాదు కేంద్రంగా గల జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ జగదల్‌పూర్ సమీపాన నగర్నార్‌లో నిర్మించిన ఉక్కు కర్మాగారం 2023లో ఉత్పత్తి ప్రారంభించింది. దాని వార్షిక సామర్థ్యం 30 లక్షల టన్నులు. మన దేశపు బ్లాస్టు ఫర్నేసులలో టన్ను ఇనుముకు సుమారు 300 నుండి 400 కిలోల స్లాగు వెలువడుతుంది. కరిగిన స్లాగుపై నీటిని ఉధృతంగా చిమ్మితే, అణువులు స్ఫటికాలుగా అమరేలోగానే అది గట్టిపడి ఇసుక రేణువులుగా విడిపోతుంది. రసాయన శాస్త్ర దృష్టిలో ఇదీ గాజే.

ఇట్టి స్లాగును మెత్తగా నూరి సిమెంటులో కలపడమే అన్నిటికన్నా లాభసాటి. ఆ వాడకాన్ని తగ్గించనక్కరలేదు. కాని రాష్ట్రంలోని పెద్ద సిమెంటు కర్మాగారాలు చాలావరకు దూరాన రాయపూర్, బలోదాబజార్ ప్రాంతాలలో ఉన్నాయి. బస్తరు వీధుల పరుపుకు కావలసిన కొద్దిపాటి స్లాగును బస్తరులోనే ఉంచుకొనడం సబబు. ఒక లోపం మాత్రం లేకపోలేదు: తేమ, సున్నం తగిలితే ఈ రేణువులు క్రమంగా బిగుసుకొంటాయి. అప్పుడు నీరు దిగడం మందగిస్తుంది, మరమ్మతుకు దిమ్మెలు ఎత్తడం కష్టమవుతుంది. కనుక ముందు కొద్దిపాటి నిడివిలో పరిచి, ఒకటి రెండు వానకాలాలు గమనించడం మంచిది.

ఉక్కు తయారయ్యే కొలిమి నుండి వచ్చే స్లాగు వేరు. దానిలో మిగిలిన సున్నం తడి తగిలి ఉబ్బి దిమ్మెలను పైకి లేపుతుంది. రెండూ ఒకే గుట్టలో కలవకుండా చూడవలసిన బాధ్యత కర్మాగారం గేటు వద్దనే మొదలవుతుంది.