మౌనము అర్ధాంగీకారమా?

మౌనము అర్ధాంగీకారమని లోకోక్తి. పెండ్లిమాటలయందు అది చెల్లునేమో గాని, ఎన్నికలయందు చెల్లదు. ఓటు వేయనివాని మౌనమునకు అలసత్వము, భయము, అసమ్మతి అను మూడర్థములు గలవు. వానిలో ఏది నిజమో లెక్కించువారికి తెలియదు. మూడవ అర్థమును తక్కిన రెండింటినుండి వేరుచేయుటకు పుట్టినదే 'పైవారిలో ఎవ్వరును వలదు' అను మీట. జనులు దానిని నోటా అందురు.

ఈ భేదమెంత విలువైనదో ఉత్తర తెలంగాణము అనుభవముచే ఎరుగును. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలిత ప్రాంతములుగా ప్రకటింపబడెను. 1980లో పీపుల్స్ వార్ ఏర్పడిన పిమ్మట కరీంనగరము, ఆదిలాబాదు పల్లెలలో ఎన్నికల వేళ బహిష్కరణ పిలుపు వినవచ్చుచుండెడిది. ఓటు వేసినచో వ్రేలిపైని సిరాచుక్క ఒకరికి సాక్ష్యము. వేయకున్నచో ఆ చుక్క లేకుండుటయే మరియొకరికి సాక్ష్యము. అడకత్తెరలోని పోకచెక్కవలె చిక్కిన కూలివాడు మనసులో ఎవరిని కోరెనో, ఎవరిని నిరాకరించెనో ఆ చుక్క చెప్పజాలదు.

చట్టములో తిరస్కారమునకు దారి లేకపోలేదు. ఎన్నికల నిర్వహణ నియమములలోని 49-ఓ ప్రకారము ఓటరు తాను ఓటు వేయదలచుకొనలేదని అధికారికి తెలిపి, ఆ మాట వ్రాయించి, సంతకమో వ్రేలిముద్రయో వేయవలెను. చుట్టును పార్టీల ఏజెంట్లు కూర్చుండియుందురు. మరునాడు ఆ ఊరిలోనే బ్రతుకవలసినవాడు అంతటి సాహసము చేయునా? 2004లో పి.యు.సి.ఎల్. వేసిన వ్యాజ్యముపై, ప్రధాన న్యాయమూర్తి పి. సదాశివము అధ్యక్షులుగా గల ధర్మాసనము 2013 సెప్టెంబరు 27న తీర్పు చెప్పెను. ఓటు వేయువానికి గల రహస్యము తిరస్కరించువానికిని దక్కవలెనని దాని సారము. 2014 ఏప్రిల్ 30న ఈ ప్రాంతపు ఓటరు సాధారణ ఎన్నికలలో ఆ మీటను తొలిసారి చూచెను.

మీట వచ్చినది, బలము రాలేదు. నోటాకు అందరికన్న అధికముగా ఓట్లు పడినను, అభ్యర్థులలో ముందున్నవాడే విజేత. 2024లో ఇండోరులో నోటాకు 2,18,674 ఓట్లు పడి, రెండవ స్థానము లభించెను. అవి లెక్కకెక్కెనే గాని మరేమియు చేయజాలకపోయెను. అదే ఏడు సూరతులో ఒక్క అభ్యర్థియే మిగిలినందున పోలింగే జరుగలేదు. మన పల్లెలలో ఏకగ్రీవ సర్పంచి యెన్నికయు అట్టిదే. పోటీ లేనిచోట తిరస్కరించు హక్కును లేదు. ఊరి మౌనమే ఊరి సమ్మతి యగుచున్నది.

నోటాకు మరియొక కొరత గలదు. దానిని 2019లో పసుపు రైతులు బయటపెట్టిరి. నిజామాబాదు లోక్‌సభ స్థానములో పూర్వపు కరీంనగరము జిల్లాకు చెందిన జగిత్యాల, కోరుట్ల నియోజకవర్గములును చేరియున్నవి. పసుపు బోర్డును, మద్దతు ధరను కోరుచు రైతులు తామే నామినేషన్లు వేసిరి. అభ్యర్థులు 185 మంది. వారిలో 170 మందికి పైగా రైతులే. ఒక్కొక్క పోలింగు కేంద్రములో 12 ఓటు యంత్రములను వరుసగా అమర్చవలసివచ్చెను. ఖర్చులేని నోటా మీట ఉండగా, 25,000 రూపాయల ధరావతు కట్టి వారేల నిలిచిరి? నోటా 'వలదు' అని చెప్పును గాని, ఏమి వలయునో చెప్పదు. వారు గెలువలేదు. అయినను వారి కోరిక ఏమో దేశమంతయు వినెను. 2023 అక్టోబరులో జాతీయ పసుపు బోర్డు ప్రకటింపబడి, 2025 జనవరి 14న నిజామాబాదులో ప్రారంభమయ్యెను. అది ఆ నామినేషన్ల ఫలమే యనుట అతిశయోక్తి. వానికి దానితో పొత్తే లేదనుట అన్యాయము.

కావున నోటాను త్రోసిపుచ్చుట గాక, దానికి ఫలితమును చేకూర్చుట యుక్తము. 2018లో మహారాష్ట్ర, హర్యానా రాష్ట్రముల ఎన్నికల సంఘములు స్థానిక ఎన్నికలకు ఒక మార్గము చూపినవి: నోటాకు అందరికన్న అధికముగా ఓట్లు పడినచో మరల ఎన్నిక జరుపవలెను. మాటిమాటికి ఎన్నికలైన ఖర్చెవరు భరింతురను ప్రశ్న సహజమే. రెండవమారును నోటాయే ముందున్నచో, దాని తరువాత నిలిచిన అభ్యర్థినే విజేతగా ప్రకటించు నియమముతో మహారాష్ట్ర దానికి హద్దు పెట్టినది. ఆ హద్దుతోనైనను, ఏకగ్రీవములతో సహా, ఈ పద్ధతిని మన పంచాయతీలలో మొదట పరీక్షింపవచ్చును. పదిమంది కూర్చుండి సర్పంచి పదవికి వెల కట్టు చోట, పదకొండవవానికి భయములేక 'వలదు' అనుటకు ఒక మాటు కావలెను. అట్లన్నమాటకు విలువయు ఉండవలెను.