గదకు పట్టిన వయసు

నాటకాన్ని చెడగొట్టడానికి నటుడే కానక్కరలేదు. నటుని చేతిలోని గద చాలును. నిరుడు మా జహీరాబాదు కళాశాల విద్యార్థులు గదాయుద్ధ ఘట్టాన్ని ప్రదర్శించినప్పుడు ఆ సంగతి నాకు అనుభవంలోకి వచ్చింది. దుర్యోధన పాత్రధారి గొంతెత్తి పద్యం అందుకున్నాడు. అంతలో చెమట పట్టిన అతని అరచేతికి గదమీది బంగారు రంగు పొరలుపొరలుగా ఊడివచ్చింది. సభ గొల్లున నవ్వింది. రారాజు తలవంచుకొని తెరవెనుకకు నడిచాడు. ఇక జన్మలో వేషం కట్టనన్నాడు. ఆ రంగు వేసినవాణ్ణి నేనే కనుక, ఆ నవ్వులో సగం నాకు చెందవలసినది.

ఆ గద రెజినుతో పోతపోసినది. పేరు కొత్తదే గాని జాతి మనకు కొత్తది కాదు. పురుగు స్రవించే లక్క కూడా ఒక రెజినే. భరతముని నాట్యశాస్త్రంలో ఆహార్యాభినయాన్ని వివరిస్తూ, రంగస్థలానికి కావలసిన కృత్రిమ వస్తు నిర్మాణాన్ని 'పుస్తము' అన్నాడు. బరువైన లోహాయుధాలు నటుణ్ణి అలసటపరుస్తాయి గనుక లక్క, మైనం, గుడ్డ వంటి తేలిక వస్తువులతో చేయమన్నాడు. చేతికి తేలికైనది కంటికి బరువుగా తోచాలి. చిక్కంతా అక్కడే ఉన్నది.

నా తప్పేమిటో బొంబాయి రోడ్డుమీద లారీలకు రంగులువేసే మేస్త్రి ఒక్క ప్రశ్నతో తేల్చాడు: "రంగేసే ముందు సబ్బుతోని కడిగిన్రా సార్?"

కడగలేదు. పోత సులువుగా విడివడడానికి అచ్చులోపల మైనమో సిలికోనో పూస్తారు. ఆ జిడ్డు పోతను అంటిపెట్టుకొని వస్తుంది. దానిమీద ఏ రంగూ నిలవదు. గోరువెచ్చని సబ్బునీళ్ళతో, పళ్ళుతోముకొనే పాత బ్రష్షుతో సందుసందునా తోమి ఆరబెట్టాలి. అచ్చు అతుకు గీతను గీకి, బుడగల గుంటలను పుట్టీతో పూడ్చి, ఎమరీ కాగితాన్ని నీళ్ళలో తడిపి రుద్దాలి. పొడిగా రుద్దితే లేచే ధూళి ఊపిరితిత్తులకు చేటు; తడిపి రుద్దినా ముక్కుకు మాస్కు ఉండవలసిందే. ఆపైన ప్రైమరు, నలుపు, దానిమీద ఇత్తడి రంగు.

అయిపోయిందా అని అడిగితే, "ఇంకా కొత్తదే గద సార్!" అన్నాడు మేస్త్రి. ఆ మాటకు అర్థం 'కదా' అనో, చేతిలోని గద అనో నేటికీ నాకు సందేహమే.

అసలు విద్య అక్కడ మొదలయింది. నలుపు కలిసిన గోధుమరంగును పలుచన చేసి గదంతా పూసి, ఆరకముందే మిట్టలమీద గుడ్డతో తుడిచివేయాలి. పల్లాలలో అది ఏనాటి మురికియో అన్నట్లు నిలిచిపోతుంది. తరువాత కుంచెకు లేత ఇత్తడి రంగు అద్ది, కాగితంమీద దాదాపు పొడిబారేదాకా తుడిచి, అంచులకు మాత్రం తాకించాలి. కనిపించినచోటల్లా పాతబరచరాదు. చెయ్యి పట్టేచోట నునుపు, దెబ్బ తగిలేచోట గీరలు, చెయ్యి అందని మూలల కిలుము. ఆ గద ఎట్టి బ్రతుకు బ్రతికిందో ముందు ఊహించుకోవాలన్నమాట. మన పౌరాణిక చిత్రాలలో చాలా ఆయుధాలు నిన్ననే అంగడినుంచి వచ్చినట్లు తళతళలాడడం ఈ ఊహ కొరవడినందువల్లనే అని నా అభిప్రాయం.

మా పొరుగున బీదరులో బిద్రీ పనివారు కోటమట్టిని నవాసారంతో కలిపి వాడి వస్తువుకు నలుపు తెస్తారు. తుత్తునాగం, రాగి కలిసిన లోహం నల్లబడుతుంది. పొదిగిన వెండి తెల్లగానే మిగులుతుంది. అది లోహంలో వచ్చే మార్పు. మాది ఉత్త కంటిమాయ. అయినా ఆ మట్టి మాట గుర్తుకువచ్చి, మా ఊరి ఎర్రమన్ను వస్త్రగాళితం చేసి గద పల్లాలలో అద్దాను. దానిపై మెరుపులేని వార్నీషు కొట్టాము.

రారాజును బతిమాలి ఈ యేడు మళ్ళీ వేషం కట్టించాము. ఎవరూ నవ్వలేదు. ప్రదర్శన ముగిశాక ఒక వృద్ధుడు తెరవెనుకకు వచ్చి, "ఎవరింట్లది బిడ్డా, చానా పాతగున్నది!" అంటూ, కాళ్ళు నిలదొక్కుకొని రెండు చేతులతో గదను ఎత్తబోయి వెనక్కు తూలాడు.