చీకటిని కోరే పూలపొద

డిసెంబరు నెలలో తోటలలో నిప్పు రాజుకున్నట్లు ఎర్రబారే పాయిన్‌సెట్టియాను చూచి, ఎంత పెద్ద పువ్వోయని మనం ఆశ్చర్యపడతాము. నిజానికి ఆ ఎర్రని రేకులు రేకులే కావు. రంగు మారిన ఆకులు. అసలు పూలు వాటి నడుమ పసుపుపచ్చగా, చిన్న గింజలవలె గుమికూడి ఉంటాయి. ఆముదము, కర్రపెండలము ఈ పొదకు జ్ఞాతులంటే నమ్మబుద్ధి కాదు.

దీని పుట్టినిల్లు మెక్సికో. 1825లో అక్కడికి అమెరికా రాయబారిగా వెళ్లిన జోయెల్ పాయిన్‌సెట్ దీనిని స్వదేశానికి పంపాడు. ఆయన పేరే దీనికి నిలిచింది.

పెంచడం సులభమే. ఎరుపు రాలిన పిదప కొమ్మలను కత్తిరించి, జానెడు ముక్కలను నీరు నిలువని నేలలో నాటితే వేళ్లు తొడుగుతాయి. కోసినచోట కారే పాలు చర్మానికి మంట పుట్టించవచ్చు, కంటికి తగలనీయరాదు. ఆకు నమిలితే ప్రాణమే పోతుందన్న ప్రచారం మాత్రం ఉత్త అతిశయోక్తి.

చిక్కంతా వెలుతురుతోనే. ఆకు ఎర్రబారాలంటే సుమారు రెండు నెలలపాటు ప్రతి రాత్రీ 12 గంటలకు మించిన ఎడతెగని చీకటి కావాలి. ఎరువు ఎంత వేసినా, వీధిదీపం కింద నాటిన పొద పచ్చగానే ఉండిపోవడానికి కారణమిదే. పాపం, తోటమాలిని నిందించి ప్రయోజనం లేదు. ఆగస్టు దాటాక కత్తెర పెట్టకుండా, అక్టోబరు నుంచి కుండీని సాయంత్రం చీకటి గదిలోకి చేర్చి, ఉదయం మళ్లీ ఎండకు తేవాలి. నేలలో పాతుకున్న పొదకైతే రాత్రిళ్లు దళసరి నల్లగుడ్డ కప్పవలసిందే.